ఉత్తరాలు రాసిన తాత – విలియం కూపర్

మన గోడ పత్రికలో ఇంతకు ముందు అల్లూరి సీతారామరాజు గారి గురించి, కొమురం భీం గారి గురించి అక్కలు రాశారు. చాలా బాగా రాశారు. ఈసారి నేను సముద్రం అవతల పుట్టిన ఒక ఆదివాసీ పెద్దాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు విలియం కూపర్. దేశం ఆస్ట్రేలియా. ఆస్ట్రేలియా అంటే మనకు కంగారూలు, క్రికెట్టు గుర్తుకొస్తాయి. కానీ అక్కడ 50 వేల ఏళ్లకు పైగా ఆదివాసులు ఉంటున్నారు. 1788 జనవరి 26న ఇంగ్లీషువాళ్లు ఓడల్లో వచ్చి సిడ్నీ దగ్గర జెండా పాతారు. అప్పటినుంచి ఆ భూమి అంతా తమ రాజుగారిది అన్నారు. ఆదివాసులను అడిగింది లేదు, పెట్టింది లేదు.

మన గోదావరి లాగే అక్కడ ముర్రే అని ఒక పెద్ద నది ఉంది. ముర్రే నదిలో గౌల్బర్న్ అనే ఇంకో నది కలుస్తుంది. ఆ కలిసే చోట చుట్టుపక్కల అడవి యోర్టా యోర్టా అనే జాతివాళ్లది. వాళ్లు చేపలు పట్టుకుని, అడవిలో దొరికేది తిని బతికేవాళ్లు. తెల్లవాళ్లు గొర్రెలు, ఆవులు తోలుకుని వచ్చి నది ఒడ్డంతా ఆక్రమించుకున్నారు. కొత్త రోగాలు వచ్చి, కాల్పులు జరిగి జనం చాలా మంది చనిపోయారు. మిగిలినవాళ్లు తమ సొంత నేల మీదే దొరల దగ్గర కూలీలు అయ్యారు. అట్లాంటి రోజుల్లో 1861 ప్రాంతంలో కూపర్ పుట్టాడు. తల్లి పేరు కిట్టీ, ఆమె యోర్టా యోర్టా మనిషి. తండ్రి తెల్ల కూలీ. ఎనిమిది మంది పిల్లల్లో ఇతను ఐదోవాడు.

చిన్నప్పుడే ఆ పిల్లవాణ్ణి ఒక పెద్ద భూస్వామి తన మెల్బోర్న్ ఇంటికి పనికి తీసుకుపోయాడు. అక్కడ గుర్రాల పని, బండి తోలే పని చేశాడు. పలక పట్టే వయసులో కళ్లెం పట్టాడన్నమాట. ఆ ముక్క చదివినప్పుడు నాకు మా గూడెంలో మేకలు కాసే పిల్లలు కళ్లముందు కనిపించారు. నేను కూడా ఈ హాస్టల్‌కి రాకపోతే అందులో ఒకదాన్నే.

1874లో కూపర్ తల్లితో, చుట్టాలతో కలిసి మలోగా అనే చోటికి వచ్చాడు. అక్కడ డేనియల్ మాథ్యూస్, ఆయన భార్య జానెట్ ఆదివాసుల కోసం ఒక చిన్న మిషన్, బడి నడిపేవారు. కూపర్‌కు అప్పుడు పదమూడేళ్లు ఉంటాయి, అంటే మన ఎనిమిదో తరగతి పిల్లల వయసు. అప్పటివరకు అక్షరం ముక్క రాదు. మాథ్యూస్ తన డైరీలో రాసుకున్నదాని ప్రకారం ఈ పిల్లవాడు మూడు రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, చిన్నవి అన్నీ నేర్చేసుకున్నాడు. మూడు రోజులు! మన హాస్టల్లో కొత్తగా చేరిన చెల్లెళ్లు ఇది గమనించాలి, ఏడవకూడదు.

తర్వాత ఆ బడికి ఇంకో మాస్టారు వచ్చారు. ఆయన సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆయన మనవైపు మనిషి. పేరు థామస్ షాడ్రాక్ జేమ్స్. మారిషస్ దీవిలో భారతీయ తల్లిదండ్రులకు పుట్టారు. మారిషస్‌కు మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు కూడా కూలీలుగా ఓడలెక్కి వెళ్లారు. జేమ్స్ మాస్టారు 1881లో మాథ్యూస్‌ను కలిసి ఆ బడిలో చేరారు. 1922 దాకా ఆదివాసీ పిల్లలకే చదువు చెప్పారు. కూపర్ చెల్లెలు ఆడాను పెళ్లి చేసుకుని వాళ్లలో ఒకరైపోయారు. పగలు పిల్లలకు, పొద్దుపోయాక పెద్దవాళ్లకు చెప్పేవారు. ఉత్తరం ఎట్లా రాయాలి, అర్జీ ఎట్లా రాయాలి అనేది ఆ ఊరివాళ్లు నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు తర్వాత పెద్ద నాయకులు అయ్యారు.

మలోగాలో బైబిలు కథలు చెప్పేవారు. యోర్టా యోర్టా వాళ్లకు అన్నిటికంటే నచ్చిన కథ ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడిన కథ. ఫరో దగ్గర వెట్టిచాకిరీ చేసిన జనాన్ని దేవుడు చూశాడు, విన్నాడు, విడిపించాడు అంటే, అది తమ గురించే అని వాళ్లకు అనిపించింది. 1886లో అమెరికా నుంచి ఒక పాటల బృందం ఆ ఊరికి వచ్చింది. ఫిస్క్ జూబిలీ గాయకులు అంటారు. వాళ్లు నల్లవాళ్లు, బానిసల సంతతి. వాళ్లు పాడిన ఫరో పాటను మలోగావాళ్లు యోర్టా యోర్టా భాషలోకి మార్చుకున్నారు. ఇప్పటికీ పాడతారు. ఎక్కడి ఐగుప్తు, ఎక్కడి అమెరికా, ఎక్కడి ముర్రే నది!

1884 జనవరిలో ఒక ఆరాధన అయిపోయాక కూపర్ వెళ్లి మాథ్యూస్‌తో తన హృదయాన్ని దేవునికి ఇస్తున్నానని చెప్పాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. అక్కడ భూమి గుంజుకున్నవాళ్లూ క్రైస్తవులే, చదువు చెప్పినవాళ్లూ క్రైస్తవులే, ఇప్పుడు కూపరూ క్రైస్తవుడే. చాలా మంది అనుకుంటారు, మతంలో కలిస్తే నోరు మూసుకుని ఉంటారని. కూపర్ విషయంలో రివర్స్ అయింది. మీ పుస్తకంలో ఉన్నట్టు మీరు ఎందుకు నడవడం లేదు అని అడిగే హక్కు ఆయనకు వచ్చింది.

ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లు ఆయన బతుకు మామూలు కూలి బతుకే. గొర్రెల బొచ్చు కత్తిరించారు, పశువులు తోలారు, గుర్రాలను లొంగదీశారు. రెండు పెళ్లిళ్లు అయ్యాయి, ఇద్దరు భార్యలూ ముందే చనిపోయారు. 1928లో సారా నెల్సన్ గారిని పెళ్లి చేసుకున్నారు. పిల్లలు చాలా మంది. ఒక కొడుకు డేనియల్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా తరఫున పోరాడి 1917లో బెల్జియంలో చనిపోయాడు. ఇంకో కొడుకు లించ్ పరుగు పందెంలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు.

భూమి సంగతి చెబుతాను. 1881లో మలోగా మగవాళ్లు 42 మంది గవర్నరుకు అర్జీ పెట్టారు. మా భూమి అంతా మీరు తీసుకున్నారు, మాకు కొంచెం ఇస్తే సాగు చేసుకుని బతుకుతాం అని దాని సారాంశం. 1883లో ప్రభుత్వం నది పక్కన 1,800 ఎకరాలు రిజర్వు చేసింది. 1888లో జనం మలోగా వదిలి అక్కడికి మారారు. ఆ ఊరికి కమ్మరగుంజా అని పేరు. వాళ్లు అడవి కొట్టి, దున్ని, గోధుమలు పండించారు. కుటుంబాలకు విడివిడిగా చేన్లు ఇచ్చారు. పంట బాగా వచ్చింది. బాగా వచ్చాక ఏమైందో మన వాళ్లకు చెప్పక్కరలేదు. కొన్నేళ్లకే ఆ చేన్లు వెనక్కి లాక్కున్నారు. మంచి నేల తెల్లవాళ్లకు కౌలుకు పోయింది. 1909లో ఒక చట్టం వచ్చింది. పేరు ఆదివాసుల రక్షణ చట్టం. రక్షణ ఎట్లా ఉందంటే, మేనేజరు ఎవరినైనా ఊరి నుంచి వెళ్లగొట్టవచ్చు. 1915లో దాన్ని ఇంకా గట్టి చేశారు. కోర్టుకు పోకుండానే తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లలను తీసుకుపోవచ్చు. ఆడపిల్లలను తీసుకుపోయి ఇళ్లలో పనికి పెట్టేవారు. బడి కూడా మూడో తరగతి స్థాయి వరకే.

మనం కూడా అమ్మానాన్నలను వదిలి హాస్టల్లో ఉంటున్నాం కదా. కానీ మనల్ని నాన్నే నెత్తిమీద పెట్టె పెట్టుకుని తీసుకొచ్చి చేర్పించాడు. దసరాకు, సంక్రాంతికి ఇంటికి పోతాం. ఆ పిల్లలకు పండగ సెలవులు లేవు. కొందరు మళ్లీ తల్లిని చూడనే లేదు. ఇది చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

కూపర్‌కు 70 దాటాయి. రిజర్వు ఊర్లో ఉండే ఆదివాసులకు ముసలి పెన్షను ఇవ్వరు. అందుకని 1933 ప్రాంతంలో ఆయన కమ్మరగుంజా వదిలి మెల్బోర్న్‌లో ఫుట్‌స్క్రే అనే కూలీల పేటకు వచ్చి అద్దె ఇంట్లో ఉన్నారు. అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో ఆయన అసలు పని మొదలైంది. ఆస్ట్రేలియా ఆదివాసుల సంఘం పెట్టి దానికి కార్యదర్శి అయ్యారు. మంత్రులకు, ప్రధానమంత్రికి, పత్రికలకు, చర్చీలకు ఉత్తరాలు రాశారు. ఒకటి కాదు రెండు కాదు. జవాబు రాకపోతే మళ్లీ రాసేవారు. చేతిలో పెద్దగా డబ్బు లేదు, పెన్షనే ఆధారం. యుద్ధంలో చనిపోయిన కొడుకు సంగతి కూడా ఉత్తరాల్లో రాశారు. దేశం కోసం ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చినవాళ్లు ఓటుకు ఎందుకు పనికిరారని అడిగారు.

అన్నిటికంటే పెద్ద ఉత్తరం రాజుగారికి. ఇంగ్లాండు రాజు ఐదో జార్జికి పంపడానికి 1933లో ఒక అర్జీ తయారు చేశారు. మా జాతి అంతరించిపోకుండా కాపాడాలి, మా బతుకులు బాగుపడేట్టు చూడాలి, పార్లమెంటులో మా తరఫున మాట్లాడే ఒక మనిషి ఉండాలి. ఇవీ కోరికలు. దేశం ఈ మూల నుంచి ఆ మూల దాకా సంతకాలు సేకరించారు. ఫోన్లు లేవు, బస్సు ఛార్జీలకు డబ్బులు లేవు. కొన్ని రిజర్వుల్లో సంతకం పెట్టాలంటే మేనేజర్ల భయం. అయినా నాలుగేళ్లలో 1,814 సంతకాలు వచ్చాయి. ఈలోగా ఐదో జార్జి 1936లో చనిపోయారు, ఇంకో రాజు వచ్చారు. 1937లో కూపర్ ఆ అర్జీని ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఇచ్చారు, రాజుగారికి పంపమని. 1938లో మంత్రివర్గం కూర్చుని పంపించక్కరలేదని తేల్చేసింది. అంతే. 1,814 మంది పేర్లు బల్ల దగ్గరే ఆగిపోయాయి.

సోమవారం సోమవారం మన పెద్దవాళ్లు భద్రాచలం ఐటీడీఏకు కాగితాలు పట్టుకుని వెళ్తారు కదా, వాళ్లకు ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది.

1938 జనవరి 26కు తెల్లవాళ్లు వచ్చి 150 ఏళ్లు. దేశమంతా ఉత్సవాలు. కూపర్, ఆయన స్నేహితులు విలియం ఫెర్గూసన్, జాక్ పాటెన్ కలిసి ఆ రోజును సంతాప దినంగా జరపాలని నిర్ణయించారు. సిడ్నీలో ఆస్ట్రేలియన్ హాల్ అనే చోట సుమారు వంద మంది ఆదివాసులు నల్లబట్టలతో సమావేశమయ్యారు. మీకు పండుగ అయిన రోజు మాకు ఏడుపు రోజు అని తెలియజేశారు. కొన్ని రోజులకు ప్రధానమంత్రి లయన్స్‌ను కూడా కలిశారు. ఫలితం ఏమీ రాలేదు.

అప్పుడే కూపర్ ఇంకో పని చేశారు. నాకు ఆయన చేసిన వాటన్నిటిలో ఇది ముఖ్యం అనిపిస్తుంది. అన్ని చర్చీలకూ ఉత్తరం రాశారు. ఏటా జనవరి 26కు దగ్గరి ఆదివారాన్ని ఆదివాసుల ఆదివారంగా పాటించండి, ఆ రోజు మా గురించి ప్రసంగించండి, ప్రార్థన చేయండి అని కోరారు. గుడిలో పక్కపక్క కూర్చోవలసినవాళ్లు బయట ఎట్లా ఉంటున్నారో ఆలోచించాలని ఆయన ఉద్దేశం. 1940 నుంచి చర్చీలు ఆ ఆదివారం పాటించాయి. 1955లో దాన్ని జూలైకి మార్చారు. ఇప్పుడు అది ఒక వారం పండుగ అయింది, బడుల్లో కూడా చేస్తారు.

చర్చిలో సమాధానపడటం అంటారు. తెల్లవాళ్లకూ ఆదివాసులకూ సమాధానం కావాలి అని ఇప్పుడు అక్కడ అందరూ మాట్లాడతారు. కానీ ఎట్లా? మా తాత కాలంలో ఒక సావుకారి ఉప్పు, బట్టలు అప్పిచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. వాగు పక్క చేను పోయింది. తర్వాత ఆ ఇంటివాళ్లు మా వాళ్లతో నవ్వుతూ మాట్లాడేవారు, పెళ్లికి పిలిచేవారు. అవ్వ మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. అవ్వకు పగ అని అందరూ అనేవారు. నాకు అట్లా అనిపించదు. బైబిల్లో జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడి కథ ఉంది. యేసు ఇంటికి వచ్చాక అతను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నవ్వుతూ మాట్లాడతానని అనలేదు. కూపర్ కూడా చర్చీలను జాలి అడగలేదు. భూమి, ఓటు, పార్లమెంటులో చోటు అడిగారు. అవి ఇస్తే అప్పుడు పక్కన కూర్చుందాం అన్నట్టు.

ఇంత కష్టంలో ఉన్న మనిషికి వేరేవాళ్ల గురించి ఆలోచించే తీరిక ఉంటుందా? 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీలో హిట్లర్ మనుషులు యూదుల ప్రార్థన మందిరాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు, సుమారు 30 వేల మందిని పట్టుకుపోయారు. పేపర్లో ఈ వార్త వచ్చింది. కూపర్ సంఘం వెంటనే సమావేశమై ఖండిస్తూ తీర్మానం చేసింది. డిసెంబరు 6న ఆయన తన వాళ్లను వెంటబెట్టుకుని మెల్బోర్న్‌లోని జర్మనీ రాయబార కచేరీకి నడిచి వెళ్లారు. ఆయనకు అప్పటికి 77 ఏళ్లు. లోపలివాళ్లు కాగితం తీసుకోలేదు. తిరిగి వచ్చేశారు. సొంత దేశంలో ఓటు లేని ముసలాయన, ఎప్పుడూ చూడని దేశంలోని ఎప్పుడూ చూడని జనం కోసం వెళ్లారు. ఐగుప్తు కథ చిన్నప్పుడు విన్నవాడు కదా, యూదులు ఎవరో ఆయనకు తెలుసు.

1939 ఫిబ్రవరి 4న కమ్మరగుంజాలో జనం ఇక ఓర్చుకోలేక ఊరు వదిలేశారు. మేనేజరు దౌర్జన్యం, చాలని తిండి, రోగాలు. 150 మందికి పైగా పిల్లాజెల్లాతో ముర్రే నది దాటి అవతలి రాష్ట్రంలో గుడారాలు వేసుకున్నారు. నది దాటి వెళ్లిపోవడం అంటే వాళ్లకు ఏ కథ గుర్తొచ్చి ఉంటుందో వేరే చెప్పాలా. కూపర్ మెల్బోర్న్ నుంచి వాళ్ల కోసం ఉత్తరాలు రాశారు, సహాయం కూడగట్టారు. కొందరు మళ్లీ ఆ ఊరికి పోలేదు.

1940 చివర్లో ఆయన తన నది దగ్గరికి తిరిగి వచ్చారు. 1941 మార్చి 29న మూరూప్నా ఆసుపత్రిలో కన్నుమూశారు. కమ్మరగుంజాలోనే సమాధి చేశారు. చనిపోయే నాటికి ఆయన అడిగిన వాటిలో పెద్దవి ఒక్కటీ రాలేదు. ఈ మాట నేను దాచిపెట్టదలచుకోలేదు.

తర్వాత వచ్చినవి వచ్చాయి. ఆయనతో పనిచేసిన డగ్ నికోల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత పాస్టరు అయ్యారు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియాకు గవర్నరు అయ్యారు. 1967లో ఓటింగు పెట్టి, ఆదివాసులను జనాభా లెక్కల్లో కలపాలని నూటికి 90 మంది ఒప్పుకున్నారు. 1971లో మొదటి ఆదివాసీ పార్లమెంటు సభ్యుడు వచ్చారు. 1984లో కమ్మరగుంజా భూమి యోర్టా యోర్టా వాళ్ల భూమి మండలికి దక్కింది. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి, పిల్లలను తీసుకుపోయినందుకు క్షమాపణ చెప్పారు.

రానివీ ఉన్నాయి. నది పక్క అడవి మాదని యోర్టా యోర్టా వాళ్లు కోర్టుకు వెళ్తే 1998లో ఓడిపోయారు, 2002లో పెద్ద కోర్టు కూడా అదే చెప్పింది. వాళ్ల పాత జీవన విధానం ఎప్పుడో పోయిందని జడ్జి గారు అన్నారు. దానికి సాక్ష్యంగా చూపించిన కాగితాల్లో 1881 నాటి ఆ 42 మంది అర్జీ కూడా ఉంది. భూమి కావాలని పెట్టిన అర్జీయే భూమి రాకుండా అడ్డం పడింది. నేను ఈ ముక్క రెండుసార్లు చదివాను, సరిగ్గా అర్థమైందా అని. 2023 అక్టోబరు 14న ఆదివాసుల మాట వినడానికి పార్లమెంటు దగ్గర ఒక మండలి పెట్టాలా అని ఓటింగు జరిగింది. నూటికి 60 మంది వద్దన్నారు.

కూపర్ అర్జీ మాత్రం చేరింది. 2014లో ఆయన మనవడు, ముసలివాడైపోయినాయన, దాని నకలును గవర్నర్ జనరల్ చేతిలో పెట్టారు, ఎలిజబెత్ రాణికి పంపమని. 77 ఏళ్లు పట్టింది. జర్మనీకి రాసిన ఉత్తరం కూడా చేరింది. 2012 డిసెంబరు 6న కుటుంబంవాళ్లు అదే దారిలో నడిచి వెళ్తే ఈసారి జర్మనీ ప్రతినిధి బయటికి వచ్చి తీసుకున్నారు.

మెల్బోర్న్‌లో ఒక పార్లమెంటు నియోజకవర్గానికి వందేళ్లకు పైగా బాట్మన్ అని పేరు ఉండేది. జాన్ బాట్మన్ 1835లో ఆదివాసులకు దుప్పట్లు, కత్తులు, పిండి ఇచ్చి, కాగితం మీద గీతలు గీయించుకుని సుమారు 6 లక్షల ఎకరాలు కొన్నానని చెప్పుకున్న మనిషి. 2018లో ఆ పేరు తీసేసి కూపర్ అని పెట్టారు. 2019 ఎన్నికల నుంచి అక్కడి జనం కూపర్ నియోజకవర్గానికే ఓటు వేస్తున్నారు.

– 9వ తరగతి విద్యార్థిని